పెద్ద బజార్ల చెప్పుల చప్పుడు

దేవరుప్పుల అవతలి ఆ ఊళ్లె పెద్ద బజారంటే దొర ఉండే గడి ముంగటి తొవ్వనే. తాతలనాటి నుంచి గడి దగ్గరికి రాంగనే జనం చెప్పులు విప్పి చేతవట్టుకోవాలె. దొర చచ్చి, గడికి తాళంపడి ఏండ్లు గడిచినా, పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవలూ నడువరు.

పోశాలు మాత్రం ఆ రాత్రి తల్లి సాలమ్మను తీసుకొని అదే తొవ్వ పట్టిండు. కాళ్లకు జనగామల కొన్న కొత్త చెప్పులు.

"తియ్యి బిడ్డా," అన్నది సాలమ్మ గుసగుసగ. తనవి అప్పటికే చేతిల ఉన్నయి.

"సచ్చినోనికి గూడ భయపడుదమా అవ్వా?"

గడి తలుపు దాటుతుంటే కిర్రు కిర్రుమని చప్పుడు. కొత్త తోలు గదా అనుకున్నడు పోశాలు. నిలబడ్డడు. చప్పుడు నిలబడలే. ఎనుకనుంచి దగ్గరికొస్తనే ఉన్నది.

"అవి నా చెప్పులు కావే అవ్వా..."

సాలమ్మ కొడుకు చేతిదిక్కు చూసింది. "నీయి నీ చేతిలనే ఉన్నయి గదరా. ఎప్పుడు తీసినవ్?"

పోశాలు ఒంగి చూసుకున్నడు. ఉత్త కాళ్లు.

చప్పుడు సరిగ్గ వీపు ఎనుకనే ఆగింది. పుట్టినకాంచి ఎన్నడూ అనని మాట పోశాలు నోట్లెకెల్లి దానంతటదే ఎల్లింది.

"బాంచెన్, దొరా."