మూడుకీ రెండుకీ మధ్య

"ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే! ఇరవై రెండు సంతకాలు పెట్టించాను. ఇప్పుడే మీ ఓనరుకి ఇచ్చెత్తాను." లిఫ్టు తలుపులు మూసుకుంటూండగానే అందుకున్నాడు సీతారామరావు.

ఆయన ఆ హిందీ ఊళ్లో, ఉక్కు ప్లాంటుకి దగ్గర్లోని బారిడీహ్ అపార్టుమెంటు సొసైటీకి సెక్రెటరీ. చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. ఆయనకి ఎదురుగా, అక్కడే అద్దెకుంటున్న రమణి, ఆమె ఎనిమిదేళ్ల కూతురు సాహిత్య. పిల్ల బటన్ల బోర్డుకి వీపు ఆనించి, బిగుసుకుపోయి నిలబడింది.

"దానికి ఆటిజం బాబాయిగారూ. పెద్ద శబ్దం తట్టుకోలేదు, అరుత్తాది. కావాలని చెయ్యదు." ఈ మాట చెప్పి చెప్పి రమణికి నోరు నొప్పెట్టింది.

"ఏటమ్మా, మేం తట్టుకోవాలా? నైట్ షిఫ్టు చేసొచ్చినోళ్లు పడుకోవద్దా?" ఇరుకు పెట్టెలో ఆయన గొంతు మరీ ఖంగుమంది.

ఒక్క కుదుపుతో లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య.

రమణికి భయమేసింది. లిఫ్టు గురించి కాదు. ఇక్కడ గానీ సాహిత్య కేకలు మొదలుపెట్టిందా, ఇంక ఆ కాగితానికి ఎదురుండదు. ఈ ఊళ్లో ఇప్పటికే ఇది మూడో ఇల్లు. నాలుగో ఇల్లు ఎవరిస్తారు? దేవుడా, ఇప్పుడొద్దు, అనుకుంది.

కేక వినపడనే వినపడింది. సాహిత్యది కాదు.

"గార్డ్! అరే, కోయీ హై?" సీతారామరావు రెండు చేతులా తలుపు బాదుతున్నాడు. "కరెంటు పోయిందమ్మా! గాలాడట్లేదు! చచ్చిపోతాం!"

నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ముప్పయ్యేళ్లు ప్లాంటు మెయింటెనెన్సులో చేసిన మనిషికి అది కనపడలేదు. చొక్కా తడిసి ముద్దయింది. రమణి ఫోన్ తీసింది, సిగ్నల్ లేదు.

సాహిత్య వచ్చి ఆయన చొక్కా అంచు పట్టి లాగింది. "బైఠో అంకుల్."

ఆయన కూలబడ్డాడు. పిల్ల కూడా ఎదురుగా చతికిలబడి, పువ్వు పట్టుకున్నట్టు పిడికిలి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఫూల్ సూంఘో." ఆయన గట్టిగా పీల్చాడు. "అబ్ మోమ్‌బత్తీ బుఝావో." వేలు నిలబెట్టింది. కొవ్వొత్తి ఆర్పినట్టు ఆయన ఉఫ్‌మని ఊదాడు. అలా పదిసార్లు చేయించింది. ఒక్కటి కూడా తగ్గనివ్వలేదు.

వణుకు తగ్గాక ఆయన రమణి వంక చూశాడు. "ఇయన్నీ ఎవరు నేర్పారమ్మా దీనికి?"

"థెరపీ టీచరు. భయమేసినప్పుడు చేసుకోమని. ఇప్పుడు ఆవిడ దగ్గరికే ఎల్తన్నాం."

సీతారామరావు చేతిలో నలిగిపోయిన కాగితాన్ని సాపు చేశాడు. తర్వాత దాన్ని రమణి చేతిలో పెట్టాడు. "నువ్వే చింపీయమ్మా. సంతకాలెట్టినోళ్లకి నేను చెప్పుకుంటాను."

రమణికి ఏడుపొచ్చేసింది. అలాగే ఏడుస్తూ చింపింది.

సాహిత్య లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. లిఫ్టు కదిలింది.

"హమ్మయ్య, కరెంటొచ్చింది!" అన్నాడు సీతారామరావు.

"కరెంట్ కాదంకుల్," ఎర్ర బటను చూపించింది సాహిత్య. "కోపమొత్తే తలుపేసుకుని, చల్లబడేదాకా బయటికి రాకూడదని మా టీచర్ చెప్పింది. మీకు కోపమొచ్చింది కదా, అందుకని నేనే ఆపీసేను."