చెట్టుమీది చమురు

"ఏయ్ ముసలాయనా, గా చెట్లు నీ అయ్య నాటిండా?"

ప్రేమదాసు గద్దింపుకు, రోడ్డు పక్కన కానుగ కాయలు దులుపుతున్న ముసలాయన కర్ర దించాడు.

"మా అయ్య నాటలే బిడ్డా," అన్నాడు నెమ్మదిగా.

ఆ జవాబుకు ప్రేమదాసు ఇంకా మండిపడ్డాడు. నిజానికి ఆ కోపం ముసలాయన మీది కాదు. గగన్‌పహాడ్ బంకు దగ్గర పొద్దున్నుంచీ నిలబడి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చిన కోపం.

తొంభై ఒకటి, మార్చి నెల. గల్ఫ్‌లో యుద్ధం ఆగిందన్నారు గానీ బంకులో డీజిల్ మాత్రం లేదు.

ప్రేమదాసుకున్నది రోడ్డు పక్క ఎకరన్నర పొలం. బావిలో నీళ్ళున్నాయి. తోడటానికి ఇంజనుంది. ఇంజనులో పోయడానికే ఏమీ లేదు.

వరి పొట్ట మీదుంది. ఇంకో మూడు తడులు అందితే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి. అందకపోతే గడ్డి.

బంకు మేనేజరు వీరరాఘవులు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. రోజూ పేపరు చదివి, క్యూలో ఉన్నవాళ్ళకు భయం ఉచితంగా పంచుతున్నాడు. ప్రపంచంలో చమురు ఇంకో నలభై ఏళ్ళకు మించి రాదట. ఆ తర్వాత లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయట.

నలభై ఏళ్ళ సంగతి ప్రేమదాసుకెందుకు? అతనికి కావలసింది నలభై రోజులు.

ముసలాయన మడిలోకి దిగాడు. నెర్రెలు విచ్చిన చోట వంగి చేత్తో తడిమాడు.

"ఇంజన్ లేదా బిడ్డా?"

"ఉంటే? నీ కాయలు పోసి నడపాల్నా?"

"కాయలు కాదు. నూనె."

ప్రేమదాసు పొమ్మన్నట్టు చెయ్యెత్తి దారి చూపించాడు. పంట పోతున్న బాధ చాలదా, ఇంజను కూడా పోగొట్టుకోవాలా అని గొణుక్కున్నాడు.

రెండు రోజులు గడిచాయి. డీజిల్ రాలేదు. వరి ఆకులు చుట్టుకుపోయాయి.

మూడో రోజు ముసలాయన డబ్బాతో వచ్చాడు. శంషాబాద్ నూనె మిల్లులో ఆడించి, గుడ్డలో వడగట్టి తెచ్చానన్నాడు. ప్రేమదాసు మళ్ళీ వద్దనబోతే భార్య యేసమ్మ అడ్డొచ్చింది.

"పొయ్యనియ్. పంట పోయినంక ఇంజన్‌ను ఏం చేసుకుంటం?"

ఇంజను ట్యాంకు అడుగున మిగిలిన గుక్కెడు డీజిల్‌తో ఇంజను స్టార్ట్ చేయించాడు ముసలాయన. అది బాగా వేడెక్కాక కానుగ నూనె అందించాడు.

ఇంజను దగ్గింది. ఆగిపోయేలా మూలిగింది. యేసమ్మ కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకుంది.

అంతలో చప్పుడు కుదుటపడింది. పైపులోంచి నీళ్ళు దూకాయి.

ప్రేమదాసు పరుగెత్తి పైపు కింద దోసిలి పట్టాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చెట్ల కిందే తిరుగుతున్నాడు. ఆ కాయల్ని చెప్పులతో తొక్కుకుంటూ పోయాడు. బావిలోంచి నీళ్ళను పైకి లాగేంత బలం వాటిలో ఉందంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

పక్క ఫ్యాక్టరీ కార్మికులు గోడెక్కి చూశారు. వీరరాఘవులు బంకు వదిలి పరుగున వచ్చాడు. పొగ వాసన చూసి, కాలువలో చెయ్యి ముంచి, నీళ్ళేనని నమ్మకం కుదిరాక గట్టున కూలబడ్డాడు.

"పెద్దయ్యా, లోకంల చమురు అయిపోతదంటున్నరు. నిజమేనా?" అడిగాడు ప్రేమదాసు. మొన్నటి గొంతు కాదది.

"భూమి లోపట ఎంతుందో నాకేం తెలుసు బిడ్డా. మీదున్నదైతే కనవడ్తనే ఉంది."

ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా రోడ్డుకు రెండు వైపులా కానుగ చెట్లే. వాటిని ఆ రోజే కొత్తగా చూస్తున్నట్టు తలెత్తి చూశాడు ప్రేమదాసు.

ఆ తర్వాత ఇల్లంతా కాయలేరడంలో పడింది. ముసలాయన రోజూ వచ్చి దగ్గరుండి ఇంజను నడిపించాడు. ఆఖరి తడి పారిన రోజు, యేసమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నీళ్ళను చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

మళ్ళీ రాలేదు. అప్పటిదాకా ఆయన పేరైనా అడగలేదని వాళ్ళకు అప్పుడు గుర్తొచ్చింది.

"రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో సైంటిస్టే అయ్యుంటారండీ. పెద్ద పెద్దవాళ్ళు అలాగే సాదాగా ఉంటారు," అని తేల్చేశాడు వీరరాఘవులు.

కోతలయ్యాక కొత్త వడ్ల బస్తా సైకిల్ మీద వేసుకుని ప్రేమదాసు యూనివర్సిటీకి వెళ్ళాడు. అలాంటి సైంటిస్టు ఎవరూ లేరన్నారు. చివరికి నూనె మిల్లువాళ్ళు చెప్పిన గుర్తులతో శంషాబాద్‌లో ఒక రేకుల ఇంటి ముందు ఆగాడు.

ముసలాయన భార్య సత్తెమ్మ బయటికి వచ్చింది. అతను చెప్పిందంతా విని, బస్తా వైపు చూసింది.

"పన్నెండు దినాలాయె బిడ్డా, పోయిండు."

ప్రేమదాసు సైకిలు ఆనించి, బస్తాను గడప పక్కన దించాడు. కోతల దాకా ఆగకుండా ముందే రాకపోయానే అని ఏడుపొచ్చింది. పెద్దయ్య ఏం చదివాడని అడిగాడు.

"సదువేడిది? రోడ్డు పనిల కూలి. పడుచుతనంల వడ్లు పట్టే బియ్యం గిర్నిల ఉండె. అప్పటి పెద్ద యుద్ధంల డీజిల్ దొరక్క, గిర్నిని కానుగ నూనెతోని నడిపిండ్రంట. చెట్లు చాలక నాలుగు దినాలకే ఆగిపోయిందంట."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తర్వాత రోడ్డు పొంట మొక్కలు పెట్టే పని దొరికితే, కడమ కూలోళ్ళు వేప, చింత పెట్టుకుంట పోయిండ్రు. ఈయనేమో మల్ల యుద్ధమొస్తది, మల్ల చమురు కరువొస్తదని, ఆరాంఘర్ సంది ఈడిదాంక అన్నీ కానుగలే పెట్టి, మూడెండకాలాలు కావడితోని నీళ్ళు మోసిండు."