కాగితం మీది నీడ

“నీడలన్నీ ఉత్తరానికి వేశావేంటమ్మా? మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఈ తప్పు చెయ్యరు!”

ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ భీమేశ్వరరావు ఎర్ర పెన్సిల్‌తో గౌరి డ్రాయింగు మీద అడ్డంగా గీత కొట్టారు. ఢిల్లీ మే నెల ఎండకి ఫ్యాను కూడా సెగలు కక్కుతోంది.

“వెలుగు ఎప్పుడూ కాగితం ఎడమవైపు పైమూల నుంచి పడినట్టు గీయాలి. అదీ పద్ధతి.”

“కాగితంలో పైవైపు ఉత్తరం కదా సార్” అంది గౌరి. “మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తరం నుంచి ఎక్కడొస్తుంది? బయట ఎలా పడుతుందో అలాగే వేశాను.”

“బయట సంగతి వేరు. డ్రాయింగులో...”

ఆయన తలెత్తారు. ఎదురుగా గోడ మీద ఆయన సొంత ప్లాను వేలాడుతోంది. యమున అవతల కడుతున్న స్టాఫ్ క్వార్టర్లు. భవనానికి దక్షిణాన పిల్లల ఆటస్థలం. దాని నిండా చల్లగా పరుచుకున్న నీడ, పద్ధతి ప్రకారం ఆయనే తీరిగ్గా బూడిదరంగు పూసిన నీడ. దాన్ని చూసుకునే, అక్కడి వేపచెట్లు ఇక అక్కర్లేదని కొట్టెయ్యమన్నారు. చెట్టూ ఇల్లూ కలిసి బతకాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మనిషి!

కుర్చీ తోసేసి ఫోను దగ్గరికి పరుగెత్తారు.

“మాణిక్యం! ఆ వేపచెట్లు...”

“కంగారు పడకండి సార్” అన్నాడు అవతల సైటు సూపర్‌వైజరు. “ఇంకొక్కటే మిగిలింది. కూలీలంతా దాని నీడన కూర్చుని రొట్టెలు తింటున్నారు. లేవగానే కొట్టించేస్తాను.”