మూడు దినాల ఎండ

శింగనమల దాటాక రోడ్డు పక్క బండ మీద పుస్తకాలు కనిపించి అరుణజ్యోతి స్కూటీ ఆపింది.

వేరుశనక్కాయలు ఆరబోసినట్టు పరిచి ఉన్నాయి. ముప్పై దాకా ఉంటాయి. పక్కనే పాత సామాన్లు కొనే ముసలాయన, ఆయన మోపెడ్, దాని మీద తుప్పు ఇనుము, ఖాళీ సీసాలు, తక్కెడ.

ఒకటి తీసి చూసింది. మొదటి పేజీలో నీలంగా, గుండ్రంగా తమ హైస్కూలు ముద్ర. ఇంకోటి తీసింది. అదీ తమదే.

అరుణజ్యోతి తెలుగు టీచరు. మిగతావాళ్లంతా వద్దంటే లైబ్రరీ ఆమె నెత్తిన పడింది. నెత్తిన పడినదాన్ని ఇష్టపడి చేసింది. కరోనా అని మార్చిలో బడి మూసేయమన్న రోజు, బీరువాలు ఖాళీ చేసి పిల్లలందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చి పంపింది. మొత్తం మూడు వందల నలభై. చాలామంది ఇళ్లలో మంచి ఫోన్లు లేవు. ఈ పుస్తకం కూడా లేకపోతే పిల్లలు చదవడమే మరిచిపోతారని ఆమె భయం.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టింది. ఎవరి పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి. చేతులు మారితే జబ్బు అంటుకుంటుంది. మార్చుకున్నారని తెలిస్తే మళ్లీ లైబ్రరీ గడప తొక్కనివ్వనంది.

ఆ పుస్తకాలే ఇప్పుడు, జూలై నెలలో, తక్కెడ పక్కన ఉన్నాయి.

"ఇవి నీకు యాడివి?"

"పిల్లోళ్లు ఇచ్చినారు మేడమ్."

పాత సామాన్లకు ఉల్లిగడ్డలు కొలిచి ఇవ్వడం అందరికీ తెలిసిందే. ఎన్ని ఉల్లిగడ్డలకు కొన్నావని అడిగింది. కొనలేదన్నాడు.

"ఈ ముద్ర కనపడలేదా నీకు?"

"కనపడింది మేడమ్."

"చదువొస్తాదా?"

"రాదు."

"మరి నీకెందుకు ఈ పుస్తకాలు?"

ముసలాయన మూతికి కట్టుకున్న తువ్వాలు సర్దుకుని, ఒక పుస్తకాన్ని రెండో పక్కకు తిప్పి పెట్టాడు.

అంతలో అటుగా వచ్చిన రైతు ఓబుళేసు తాను కళ్లారా చూశానన్నాడు. ఊళ్లో పిల్లలు ఇస్తుంటే ఈయన సంచిలో వేసుకున్నాడట, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. ఇంకేం కావాలి? ఫోటో తీయమన్నది అరుణజ్యోతే. లైబ్రరీ పుస్తకాల దొంగ, ఊళ్లోకి రానివ్వొద్దని రాసి ఓబుళేసు చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాడు.

ఆమె గోనెసంచిలోకి పుస్తకాలు ఎత్తుతుంటే ముసలాయన ఒక్కమాట అన్నాడు.

"ఇంగా ఒక దినం ఎండాల మేడమ్. అప్పుడే కట్టద్దండి."

తడి కాగితాన్ని పాత కాగితాల అంగడివాళ్లు తీసుకోరు, అందుకే ఎండబెట్టాడనుకుంది. ఆమె వినకపోయేసరికి ఆయనే సంచి మూతి కట్టి స్కూటీ మీద పెట్టాడు.

దొంగను పట్టినందుకు ఆ రోజంతా ఆమెకు గర్వంగానే ఉంది.

నవంబరులో బడి తెరిచారు. పిల్లలు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. బీరువాలో ఉన్న ఆ ముప్పైతో కలిపి ఎంచింది. మూడు వందల డెబ్బై మూడు. మళ్లీ ఎంచింది. అంతే. తగ్గాల్సింది పోయి పెరిగాయి. వెన్ను మీద నంబరు లేనివి ముప్పై మూడు తేలాయి.

పైగా పదో తరగతి సమీనాకు ఆమె ఇచ్చింది జానపద కథలు. సమీనా తెచ్చింది నక్షత్రాల పుస్తకం. అది తాను పక్క ఊరి షారుక్‌కు ఇచ్చిన పుస్తకం.

ఇదెట్లా వచ్చిందని అడిగితే సమీనా తల దించుకునే చెప్పింది.

"ఫకృద్దీన్ తాత మార్చేటోడు మేడమ్. పాత సామాన్ల తాత. మేం చదివింది తీస్కోని ఇంగో ఊరోళ్లది ఇస్తాండె. జబ్బు రాకూడదని మూడు దినాలు ఎండకు పెట్టి తెస్తాండె. నేను ఏడు చదివినా."

"ఆ మాట ఆయన నాతో ఎందుకు చెప్పలేదు?"

"మేమే ఒట్టు ఏయించుకున్యాం. తెలిస్తే మీరు లైబ్రరీలోకి రానీయనన్నారు కదా."

ఆ మాట తనదేనని అరుణజ్యోతికి గుర్తుంది.

నంబరు లేని పుస్తకాల సంగతి అడిగింది. ఇనుముతో పాటు తాతకు వచ్చిన పాత పుస్తకాలట. బొమ్మలు బాగున్నవి ఏరి, తూకానికి వేయకుండా పిల్లలకు ఇచ్చేవాడట. బడి పుస్తకాలైతే గుండ్రంగా ముద్ర ఉంటుంది, ఇవి బడివి కావని సమీనానే ఆయనకు చెప్పిందట.

"మీరు పట్టుకున్యాక రాలేదు మేడమ్. అప్పటి నుంచి ఆ నక్షత్రాలదే చదువుతాండా."

"ఇప్పుడు యాడుంటాడు?"

"ఏ ఊర్లోకీ రానీకపోతే కదిరి తట్టు వాళ్ల ఊరికి పోయినాడు. ఆగస్టులో జరమొచ్చి చనిపోయినాడంట."

పిల్లలు వెళ్లిపోయారు. అరుణజ్యోతికి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఊరికే కూర్చోలేక పని మొదలుపెట్టింది. ఎనిమిది నెలలుగా వాడని స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంటే రెండు చుక్కలు సిరా పోసింది. నంబరు లేని పుస్తకాలు ముందుకు లాక్కుంది. ఇకనైనా వీటిని బడి పుస్తకాలు చేద్దామనుకుంది.

మొదటిది తెరిచి, స్టాంపు ఎత్తిన చెయ్యి ఆపింది.

రెండోది తెరిచింది. మూడోది తెరిచింది. అన్నీ తెరిచింది.

ముప్పై మూడింటిలోనూ, మొదటి పేజీలో బడి ముద్ర ఉండాల్సిన చోట, చదువురాని ఒక మనిషి బొటనవేలి ముద్ర నీలం సిరాతో అప్పటికే వేసి ఉంది.