అమ్మకూచి క్యాంపుకెళ్ళాడు

“నేను వెళ్ళనమ్మా,” అన్నాడు శ్రీకర్.

దుప్పటి మడతపెడుతున్న రుక్మిణి చేతులు ఆగిపోయాయి. ఆ మాట కోసమే ఆమె పొద్దున్నించీ కాచుకుని ఉంది. అయినా పైకి మాత్రం, “తప్పు నాన్నా, అలా అనకూడదు,” అంది.

స్కూలు తరఫున మగపిల్లలకి వేసవి శిబిరం. మండవల్లి దాటాక కొల్లేటి గట్టున. పది రోజులు అక్కడే తిండి, అక్కడే పడక. ఫోన్లు ఉండవు. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి.

శ్రీకర్ ఒక్కగానొక్క కొడుకు. నెలల పిల్లాడప్పుడు ఆయాసమొచ్చి చావు తప్పించుకున్నాడు. ఇక అంతే, రుక్మిణి వాడిని కాలు కింద పెట్టనివ్వలేదు. ఆవిడ అన్నం కలిపి పెడితేనే వాడికి ముద్ద దిగుతుంది. ఆనపకాయ కూర కనబడితే కంచం ముందునుంచి లేచిపోతాడు. నీళ్ళంటే భయం. తాడేపల్లిగూడెంలో సొంత ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఒక్క రాత్రి నిద్రపోయి ఎరగడు.

“వీడిలా తయారవడానికి కారణం నువ్వే,” అన్నాడు ఈశ్వరరావు, బెల్లం కొట్టుకి బయల్దేరుతూ. “స్కూలు స్కూలంతా వెళ్తుంటే వీడొక్కడూ ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమంటారు?”

“ఏవండీ, వాడికసలు ఈత రాదండీ!”

“అక్కడ నేర్పుతారటగా. నేర్చుకుంటాడు.”

మర్నాడు స్కూలు బస్సులో పిల్లలు ఒకటే గోల. ముందు సీట్లో కిటికీ పక్కన శ్రీకర్ మాత్రం బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. రుక్మిణి కిటికీలోంచి చెయ్యి పెట్టి తల నిమరబోయింది. “అమ్మా, అందరూ చూస్తున్నారు,” అని వాడు తల వెనక్కి తీసుకున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“అమ్మా, నేనే. వంట చేసే సలోమి గారి ఫోన్ అడిగి తీసుకున్నా,” గుసగుసగా అన్నాడు శ్రీకర్. “చాప మీద పడుకోవాలట. కూర ఆనపకాయ. ఎటు చూసినా నీళ్ళే. వచ్చెయ్యనా?”

వచ్చెయ్ అనే మాట రుక్మిణి నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఈశ్వరరావు కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

“వద్దు నాన్నా. నువ్వొచ్చేస్తే నిన్ను చూసి పిల్లలు కూడా ఏడుపు లంకించుకుంటారు. పెట్టింది తిను. కళ్ళు మూసుకుని పడుకో.”

ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత వాడి దగ్గర్నించి ఫోన్ రాలేదు. రెండు రోజులు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక ఆవిడే సలోమికి ఫోన్ చేసింది.

“ఏం బెంగ పెట్టుకోకండి అమ్మగారూ!” పకపకా నవ్వింది సలోమి. “దోనె నడపడం నేర్చుకుంటూ రెండుసార్లు బురదలో పడటం, మళ్ళీ లేచి ఎక్కడం! పిల్లలందరూ ఒకటే నవ్వులండీ. ఆనపకాయ కూర రెండోసారి కూడా వేయించుకోవడమైంది.”

“మా శ్రీకరేనా?” అనుమానంగా అడిగింది రుక్మిణి.

ఆఖరి రోజు తల్లిదండ్రులను రమ్మన్నారు. భార్యాభర్తలిద్దరూ సున్నుండల డబ్బా, ఆవకాయ సీసా పట్టుకుని ఏలూరు మీదుగా బస్సులో వెళ్ళారు.

గట్టు దగ్గర రుక్మిణి కళ్ళు వెతుక్కుంటున్నాయి. ఒక దోనె వస్తోంది. నిండా పిల్లలు. వెనక నిలబడి గెడకర్ర వేస్తున్నది శ్రీకర్! ఎండకి నల్లబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. దోనె ఇంకా ఒడ్డు తాకకుండానే నీళ్ళలోకి దూకి, తాడు పట్టుకుని లాగాడు.

“చూశావా!” అన్నాడు ఈశ్వరరావు.

సున్నుండల డబ్బా చేతికివ్వగానే శ్రీకర్ మూత తీసి పిల్లలందరికీ పంచేశాడు. తనకి ఒక్కటీ మిగల్చుకోలేదు. భోజనాల దగ్గర రుక్మిణి ఆవకాయ సీసా తెరిచి, “కలిపి పెట్టనా నాన్నా?” అంది.

“నేనే కలుపుకుంటానమ్మా. నువ్వు కూర్చుని తిను,” అని వాడే ఆవిడకి వడ్డించాడు. తిన్నాక తన కంచంతోపాటు ఆవిడ కంచం కూడా తీసుకెళ్ళి తోమి పెట్టాడు.

రుక్మిణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అంతలో డ్రిల్లు మాస్టారు మైకు అందుకున్నారు. “తల్లిదండ్రులందరూ ఇలా వచ్చి కూర్చోవాలండీ, ఇల్లు వదిలి పది రోజులు ఉండటం వల్ల మగపిల్లలకి కలిగే లాభాల గురించి ఇప్పుడు మాట్లాడతారు, మన ప్రిన్సిపాల్ శ్రీకర్ గారు!”