నీలగిరి తైలం

ఆటో ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన నీళ్ల ట్యాంకరు. కృష్ణకుమారి ఒళ్లో పిల్లాడి తల ఒక పక్కకు వాలిపోతోంది. చెంప మీద తడితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు. నోటి నుంచి నీలగిరి తైలం ఘాటు గుప్పుమంటోంది.

"ఉప్పు నీళ్లు తాపిస్తే కక్కుతుండె గదమ్మా," అన్నాడు ఆటో అతను.

"జర తొందరగ పోనియ్యన్నా," అంది ఆమె.

పొద్దుటి నుంచే ఆమె ఒంట్లో ఓపిక లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణంలో పని. మెడ పట్టేసి తల తిప్పలేక, మధ్యాహ్నమే సెలవడిగి వచ్చేసింది. మెట్లెక్కి ఇంకా చెప్పులైనా విడవలేదు, గోడ అవతలి నుంచి ముసలామె కేక. పరుగెత్తి చూస్తే మంచం పక్కన పిల్లాడు, చేతిలో చిన్న సీసా. గదిలో సువాసన పొగ వదిలే మెషిన్‌లో చుక్కలుగా వేసే తైలం అది. పిల్లాడికి జలుబని కొన్నది. మోకాళ్లు పట్టేసిన ముసలామె మెట్లు దిగలేదు. పిల్లాణ్ణి ఒక చేత్తో, సీసాను ఒక చేత్తో పట్టుకుని కృష్ణకుమారే రోడ్డు మీదికి ఉరికింది.

పిల్లల దవాఖానలో నర్సు ఎదురొచ్చింది. "తల్లి నువ్వేనా?"

"ముందుగాల చూడుండ్రమ్మా, కండ్లు తెరుస్తలేడు."

నర్సు పిల్లాణ్ణి అందుకుని లోపలికి పరుగెత్తింది. వెనకాలే కృష్ణకుమారి.

డాక్టరు వేదవతి సీసా వాసన చూసి మొహం చిట్లించింది.

"ఎంత తాగాడు?"

"తెల్వదు మేడమ్."

"సీసా నిండుగా ఉండేదా, సగమా?"

"చూడలే."

"పొద్దున్న ఏం తిన్నాడు? ఏ మందైనా పడదా వీడికి?"

కృష్ణకుమారి పెదవులు తడుపుకుంది. "తెల్వదు."

"మరి మీకు తెలిసిందేంటమ్మా అసలు?"

ఆ మాట పూర్తి కాకముందే పిల్లాడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నర్సులు చుట్టూ మూగారు. ఆక్సిజన్ పెట్టారు, సూది వేశారు. కృష్ణకుమారి గోడకు ఆనుకుని, వాళ్ల భుజాల సందులోంచి కనిపిస్తున్న చిన్న పాదాన్నే చూస్తూ నిలబడింది. ఆ పాదం కదలడం ఆగితే మంచిదో, కదిలితే మంచిదో ఆమెకు అర్థం కాలేదు.

ఎంతసేపటికో ఫిట్స్ ఆగాయి. డాక్టరు చెమట తుడుచుకుని ఆమె వైపు తిరిగింది.

"కక్కించారా?"

"లేదు మేడమ్."

"అదొక్కటే మంచిపని చేశారు. కక్కిస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఇంట్లో వీడి దగ్గర ఎవరున్నారు?"

"ముసలామె. కన్నంటుకుందట."

"మీరో?"

"పనికి పోయిన."

"వీళ్ల నాన్న?"

"లారీ డ్యూటీ. విజయవాడ దిక్కు పోయిండు."

"బాగుంది. నడవలేని ముసలావిడకి పాకే పిల్లాణ్ణి అప్పగించి, చేతికందేచోట విషం పెట్టి వెళ్లారు. జలుబుకి ఈ తైలాలేంటండీ? వాసన బాగుంటే మందైపోతుందా? చెంచాడు కడుపులోకి పోతే చాలు, ప్రాణం మీదికొస్తుంది. పసివాళ్లకి ముక్కు దగ్గర రాసినా ఊపిరి పట్టేస్తుంది. ఆ మెషిన్ పొగ కూడా మంచిది కాదు. ఒక తల్లికి ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా?"

ఒక్క మాట కృష్ణకుమారి నోటి దాకా వచ్చింది. మింగేసింది.

"ఇంకోసారి పెట్టనియ్య మేడమ్," అంది.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. మెడ నుంచి నడుం దాకా ఒకటే సలుపు. ఫోన్ తీసి మళ్లీ చేసింది. మోగీ మోగీ ఆగిపోయింది. దవాఖాన పేరు మెసేజ్ పెట్టింది. పక్కన మనవరాలికి నిమ్ము చేసిందని వచ్చిన ఒకామె తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"ఏం పనమ్మా అది, పిల్లగాని కంటె ఎక్కువైంది?"

కృష్ణకుమారి కళ్లు మూసుకుంది. మూస్తే కొట్టుకుంటున్న ఆ పాదం కనిపించి మళ్లీ తెరిచింది. లేచి వెళ్లి అద్దంలోంచి లోపలికి చూసింది. కుర్చీలోకొచ్చింది. మళ్లీ లేచింది.

పొద్దు వాలుతుండగా నర్సు పిలిచింది. "లేచిండమ్మా. ఊపిరి మంచిగనే తీస్తున్నడు. పొద్దుగాల దాక ఇక్కడనే చూడాలన్నది మేడమ్."

పిల్లాడు కళ్లు తెరిచి ఉన్నాడు. కృష్ణకుమారిని చూసి మొహం తిప్పుకుని ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు వినగానే ఆమె మంచం కమ్మీ పట్టుకుని వంగి వాడి మొహం చూసింది.

"కోపమొచ్చింది అమ్మ మీద," అని నవ్వింది నర్సు.

ఆమె కూడా నవ్వబోయింది గాని కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కడుక్కుందామని బయటికి వచ్చేసరికి, మెట్ల మీంచి గీత పరుగెత్తుకొస్తోంది. బట్టల షోరూమ్ కార్డు ఇంకా మెడలోనే ఉంది. ఒక కాలికి చెప్పు లేదు.

"అక్కా! కౌంటర్ల ఫోన్లు గుంజుకుంటరు, నీ మెసేజ్ ఇప్పుడే చూసిన. ఎట్లున్నడు?"

"మంచిగున్నడు. గండం గడిచింది."

గీత గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. తలెత్తి చూసింది. "డాక్టరమ్మ మస్తు కోపం మీదున్నదంట గదా, కింద చెప్పిన్రు. నాకు భయమైతుందక్కా."

కృష్ణకుమారి వంగి, ఆమె మెడలోని కార్డు తీసి, చెదిరిన జుట్టు వెనక్కి సర్దింది.

"లోపటికి పో గీతా, తిట్టేదంతా పక్కింటిదాన్ని నన్నే తిట్టి అయిపోయింది, నీ కొడుకు నీకోసమే ఏడుస్తున్నడు."