మూత మీద రాయి

“నోరు తెరువు చుక్కమ్మా, ఒక్క గుక్క,” అంటూ నాగదుర్గ సూది తీసేసిన సిరంజితో పల్చటి జావ పిల్లి దవడలోకి వదిలింది. గుటక పడలేదు. జావంతా గడ్డం మీదుగా కారి ఒళ్ళో పరిచిన తువ్వాలు తడిసింది.

“చాలమ్మా, దాన్నింక హింసపెట్టకు,” అంది అత్త సత్యనారాయణమ్మ గుమ్మంలోంచి. “కిడ్నీలు పోయాయని డాక్టరుగారు చెప్పనే చెప్పేరు కదా.”

“లేస్తాదండీ అత్తయ్యా. పొద్దున్న తోక కూడా ఆడించింది. రేపీపాటికి మీ కాళ్ళకి అడ్డం పడతాది, చూడండి.”

అత్త వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణించే అడిగింది.

“బొమ్మిడాయిల పులుసు దాకమీద రాయి పెట్టలేదేం?”

నాగదుర్గ చెయ్యి ఆగిపోయింది.

చుక్కమ్మ ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ చేపల పులుసు దించగానే మూత పెట్టడం, మూతమీద బరువైన రాయి ఉంచడం నాగదుర్గకి అలవాటు. ఒక్కపూట ఏమరితే దాక ఖాళీ. అలాంటిది ఇవాళ ఉత్త మూత పెట్టి వచ్చేసింది. లేస్తుందని నోరు అంటూనే ఉంది. చేతులకి మాత్రం ఎప్పుడో తెలిసిపోయింది.

లోపల మూతమీద రాయి పెట్టిన చప్పుడైంది. ఆ చప్పుడికి ఏ మూలనున్నా చెవులు రిక్కించే చుక్కమ్మ కళ్ళైనా తెరవలేదు.

“నే పెట్టేన్లే,” అంది అత్త. “అది లేచిందంటే మనకి ముక్క మిగలనిస్తాదా?”

“ఆయ్, మిగలనివ్వదండీ,” అంది నాగదుర్గ.

సిరంజి పక్కన పెట్టేసి, చుక్కమ్మ తడి గడ్డాన్ని పమిట కొంగుతో తుడిచింది.